పెట్టె మీద రాయని పేరు

మా తమ్ముడి ఇంటర్వ్యూ పదకొండున్నరకి. పదకొండుకే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నా డెస్క్‌టాప్ ముందు కూర్చున్నాడు. వాడి ల్యాప్‌టాప్ కెమెరాలో మొహం మసకగా పడుతోందని నా సిస్టమ్ మీద కూర్చోమన్నది నేనే. కదిరి నుంచి వచ్చి రెండు నెలలుగా బెంగళూరులోని మా ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఒక కంపెనీ రెండో రౌండ్‌కి పిలవడం అదే మొదటిసారి. పన్నెండు కావస్తుండగా గది తలుపు తీసి, వంటింట్లో ఉన్న నా దగ్గరికి వచ్చి "అక్కా, కట్ అయింది" అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది. పరుగెత్తి చూస్తే స్క్రీన్ మీద గుండ్రంగా తిరుగుతోంది. అర నిమిషానికి కలిసింది. పది నిమిషాల తర్వాత మళ్ళీ పోయింది. మీ నెట్‌వర్క్ సరిచేసుకోండి, వచ్చే గురువారం మాట్లాడదాం అన్నారు అవతలివాళ్ళు. మర్యాదగానే అన్నారు. వాడు మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

ఆ డెస్క్‌టాప్ నేను స్వయంగా భాగాలు కొని బిగించుకున్నది. వీడియో ఎడిటింగ్ నా వృత్తి. పోయిన దసరాకి మూడు నెలల ముందు నుంచీ చూసి, చదివి, ధరలు పోల్చి, ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఒక్కొక్కటే ఎంచుకున్నాను. ఎస్‌ఎంపీఎస్ అనే కరెంటు సరఫరా పెట్టె కోసమే నాలుగు రోజులు ఆలోచించాను. వైఫై కోసం మాత్రం ఆఖరి రోజు, బడ్జెట్‌లో మిగిలిన డబ్బులో 650 రూపాయలు పెట్టి బొటనవేలి గోరంత నానో డాంగుల్ (యూఎస్‌బీ పోర్టుకి గుచ్చే వైఫై పరికరం) ఒకటి కార్టులో వేసేశాను. దాని గురించి పది నిమిషాలు కూడా చదవలేదు. ఆఫీసు మీటింగులు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చేసుకుంటాను కాబట్టి డెస్క్‌టాప్‌లో నెట్ నిలకడ ఎలా ఉందో నాకు తెలిసే అవకాశమే రాలేదు. డౌన్‌లోడ్ ఎప్పుడైనా ఆగితే మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

సొంతంగా సిస్టమ్ కట్టుకునేవాళ్ళలో చాలామంది ఇలాగే చేస్తున్నారని ఆ వారం రోజుల్లో నలుగురిని అడిగాక అర్థమైంది. ఇది తప్పని నా గట్టి అభిప్రాయం. గ్రాఫిక్స్ కార్డు ఎంత మంచిదో మనకి ఒక్కరికే తెలుస్తుంది. అవతల కూర్చున్న మనిషి మన కంప్యూటర్‌ని చూసేది మాత్రం ఈ ఒక్క భాగం గుండానే. అందుకే దాన్ని మిగిలిన డబ్బుతో కొనకూడదు. కొనేటప్పుడు పెట్టె మీద ఉన్న వేగం చూసి కూడా కొనకూడదు.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

మా ఆయన అప్పటికే ఇంటర్నెట్ కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేసి గొడవపడ్డారు. నాకు అనుమానం వచ్చింది. అదే బల్ల మీద పెట్టిన ఫోన్‌లో వీడియో ఒక్కసారి కూడా ఆగలేదు మరి. ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు రెండు పక్కపక్కన తెరిచాను. ఒకదాంట్లో మన రూటర్‌కే, అంటే 192.168.1.1 కి, ఆగకుండా పింగ్, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పరీక్ష. రెండోదాంట్లో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8 కి పింగ్. రూటర్ మా హాల్లోనే టీవీ పక్కన ఉంది. దానికి వెళ్ళి రావడానికి నాలుగైదు మిల్లీసెకన్లు పట్టాలి. 3, 4, 3, 5 అని వస్తూ వస్తూ ఉన్నట్టుండి 900 అని వచ్చింది. ఆ వెంటనే రెండు వరుసల్లో రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్, అంటే జవాబే రాలేదు. ఇంట్లో ఉన్న రూటర్ దాకానే నా సిస్టమ్ చేరలేకపోతోంది. బయటి కంపెనీని అని లాభం లేదు. ఇంటర్నెట్ బాగా లేదని ఎవరైనా అంటే నేనిప్పుడు మొదట చేయమనేది ఈ పరీక్షే. ఐదు నిమిషాల పని.

తర్వాత క్యాబినెట్ వెనక్కి వంగి టార్చి వేసి చూశాను. డాంగుల్ వెనక నీలం రంగు (3.0 రకం) యూఎస్‌బీ పోర్టులో ఉంది. దాని పక్క పోర్టులోనే ఎడిటింగ్ ఫుటేజ్ పెట్టుకునే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ వైరు. ముందు వైపు అడ్డంగా ఇనప క్యాబినెట్, వెనక గోడ, పైన బల్ల చెక్క. రూటర్‌కీ ఆ గదికీ మధ్య మరో రెండు గోడలు. డాంగుల్ పీకి చేతిలోకి తీసుకుంటే చురుక్కుమంది, అంత వేడిగా ఉంది. ఆ గోరంత ప్లాస్టిక్ లోపలే రేడియో, యాంటెన్నా, చిప్ అన్నీ ఇరుక్కుని ఉన్నాయి. వేడి బయటికి పోయే దారి లేదు.

పక్కన ఉన్న హార్డ్ డిస్క్ సంగతి నాకు అంతకుముందు తెలియదు. యూఎస్‌బీ 3.0 లో సమాచారం సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పోతుంది. అలా పోయేటప్పుడు పుట్టే రేడియో చప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదికి వచ్చి పడుతుంది. పోర్టు నుంచీ, వైరు నుంచీ, డిస్క్ నుంచీ కూడా వస్తుంది. ఈ మాట చెప్పింది ఇంటెల్ కంపెనీయే, 2012 లో ఒక పత్రం విడుదల చేసి మరీ. అంటే నేను ఫుటేజ్ కాపీ చేస్తున్నప్పుడల్లా డాంగుల్ చెవి పక్కన ఎవరో డప్పు కొడుతున్నట్టే. తమ్ముడి ఇంటర్వ్యూ రోజు కూడా వెనకాల ఒక ప్రాజెక్టు బ్యాకప్ నడుస్తోంది. దాన్ని నడవనిచ్చింది నేనే.

మా రూటర్‌లో వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు, అంటే రెండు దారులు ఉన్నాయి. మరి 5 గిగాహెర్ట్జ్ ఉండగా డాంగుల్ 2.4 మీదికి ఎందుకు వెళ్ళిందంటే, 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో బలహీనం. ఆ మూలకి సరిగా అందక డాంగుల్ మాటిమాటికీ 2.4 కి దిగిపోతోంది. మా కగ్గదాసపుర బిల్డింగులో వైఫై జాబితా తెరిస్తే 27 పేర్లు కనిపించాయి, అందులో నాలుగైదు తెలుగు పేర్లు కూడా. 2.4 లో ఒకదానితో ఒకటి రాసుకోకుండా ఉండే చానళ్ళు 1, 6, 11, మూడే మూడు. 27 ఇళ్ళు ఆ మూడింట్లోనే సర్దుకోవాలి.

ఇంట్లో ఉన్న పాత యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగుల్‌ని బల్ల మీదికి తెచ్చి, హార్డ్ డిస్క్‌ని అవతలి వైపు పోర్టుకి మార్చాను. పింగ్‌లో తెగిపోవడాలు బాగా తగ్గాయి. రూపాయి ఖర్చు లేకుండా వచ్చిన మార్పు ఇది. మీ దగ్గర ఇప్పటికే డాంగుల్ ఉంటే కొత్తది కొనేముందు ఇది చేసి చూడండి. నాకు మాత్రం గంటకి రెండుమూడు సార్లు ఇంకా తెగుతూనే ఉంది. గురువారానికి ఐదు రోజులే ఉంది.

ఎస్‌.పి. రోడ్డులో

శనివారం చిక్కపేట మెట్రోలో దిగి, కంప్యూటర్ భాగాలు అమ్మే ఎస్‌.పి. రోడ్డుకి నడిచాను. నేను మాట్లాడుతుంటే విని, ఒక కొట్టాయన "తెలుగోళ్ళా మేడమ్? ఏ ఊరు?" అన్నాడు. తనది చింతామణి అట. వైఫై అడాప్టర్ అనగానే "ఎంత స్పీడ్ కావాలి మేడమ్?" అని మూడు పెట్టెలు కౌంటర్ మీద పెట్టాడు. 600, 1300, 1900. అంకెలన్నీ అరచేతంత ఉన్నాయి.

ఆ అంకె అబద్ధం కాదు, కానీ మనకి పనికొచ్చే నిజమూ కాదు. 600 అంటే 5 గిగాహెర్ట్జ్‌లో 433 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు), 2.4 లో 150, రెండూ కలిపి పైకి సవరించిన లెక్క. 1300 అంటే 867, 400 కలిపినది. డాంగుల్ ఒకసారికి ఒక బ్యాండ్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ రెండూ కలిసి ఎప్పుడూ మనకి రావు. ఉన్న 433 లో కూడా నిజంగా చేతికి వచ్చేది సుమారు సగం. మా ఇంటి ప్లాన్ 100 ఎంబీపీఎస్. వీడియో కాల్‌కి కావలసింది అందులో ఐదో వంతు కూడా ఉండదు. నా 650 రూపాయల డాంగుల్‌కి కూడా వేగం తక్కువ కాలేదు, నిలకడే లేదు. నిలకడకి పెట్టె మీద అంకె ఉండదు.

"లోపల చిప్ ఏది?" అని అడిగాను. ఆయన పెట్టె నాలుగు వైపులా తిప్పి చూశాడు. "రాయలేదు మేడమ్. ఎవరూ అడగరు" అన్నాడు. నిజాయితీగానే చెప్పాడు. వ్యాపారం చేసే మనిషికే తెలియకుండా దాచే పద్ధతి మీదే నా కోపం. పైన స్టిక్కర్ ఎవరిదైనా, లోపల పని చేసేది రియల్‌టెక్, మీడియాటెక్, ఇంటెల్, క్వాల్‌కామ్ లాంటి కొన్ని కంపెనీల చిప్పులే. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ రాయాల్సింది కూడా ఆ చిప్‌కే. ఒకే మోడల్ పేరు మీద వి1, వి2, వి3 అని మూడు వెర్షన్లు వస్తాయి, మూడింటిలో మూడు చిప్పులు ఉండొచ్చు. ఆ వెర్షన్ బార్‌కోడ్ పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. రెండేళ్ళ క్రితం ఎవరో బాగుందని రాసింది చదివి మనం కొంటే, మన చేతికి వచ్చేది వేరే వస్తువు కావచ్చు. బియ్యం బస్తా మీద రకం పేరు లేకపోతే కొనం కదా, ఇక్కడ ఎందుకు ఊరుకోవాలి?

నేను అడిగాక ఆయన సెల్‌ఫోన్‌లో మోడల్ నంబరు కొట్టి వెతికి చూపించాడు. పది నిమిషాలు పట్టింది. విసుక్కోలేదు. ఇలా పది మంది అడిగితే వచ్చే ఏడాదికి ఆ కౌంటర్ మీద సమాధానం సిద్ధంగా ఉంటుందని నా నమ్మకం.

విండోస్ బదులు లినక్స్ వాడేవాళ్ళకి ఈ చిప్ గొడవ ఇంకా ఎక్కువ. మా ఆఫీసులో ఉబుంటు అనే లినక్స్ వాడే సహోద్యోగి ఒకతని డాంగుల్ కెర్నెల్ (లినక్స్ లోపలి మూలభాగం) అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆగిపోయేది. డ్రైవర్ బయటి నుంచి తెచ్చి మళ్ళీ కంపైల్ చేసుకోవాలి, అంటే తన సిస్టమ్‌కి సరిపడేలా తయారు చేసుకోవాలి. చాలా రియల్‌టెక్ యూఎస్‌బీ చిప్పులకి కెర్నెల్ లోపలే మద్దతు రావడం 6.2 వెర్షన్‌తో మొదలైంది. మీడియాటెక్ ఎమ్‌టీ7612యూ కి 4.19 నుంచీ, ఎమ్‌టీ7921ఏయూ కి 5.18 నుంచీ ఉంది. రియల్‌టెక్ పనికిరాదని నేను అనను. విండోస్‌లో ఎన్నో ఇళ్ళల్లో చక్కగా నడుస్తోంది. ఏ చిప్పో తెలిసి కొనండి అంటున్నాను, అంతే.

లోపల బిగించే కార్డు

చివరికి నేను తీసుకున్నది డాంగుల్ కాదు. మదర్‌బోర్డు (అన్ని భాగాలూ బిగించే పెద్ద పలక) మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ చిన్న స్లాట్‌లో దిగే కార్డు, లోపల ఇంటెల్ ఏఎక్స్210. ధర 2,700. ఎందుకు ఇదే అంటే, చిప్ పేరు ముందే తెలుసు, డ్రైవర్ ఇంటెల్ దగ్గర నుంచి నేరుగా దొరుకుతుంది, అల్యూమినియం రేకు ఉంది కాబట్టి వేడి పోతుంది, యాంటెన్నాలు విడిగా ఉంటాయి. ఈ ఆఖరిదే అన్నిటికన్నా ముఖ్యం. కార్డు వెనకాలే నేరుగా బిగించే కొమ్ముల లాంటి యాంటెన్నాలు ఉంటే మళ్ళీ క్యాబినెట్ వెనక ఇరుకులోనే పడతాం. నేను కొన్నదానికి ఒక మీటరు వైరు, కింద అయస్కాంతం ఉన్న చిన్న స్టాండు ఉన్నాయి. దాన్ని బల్ల మీద, తలుపు కనిపించే వైపు పెట్టాను.

బిగించేటప్పుడు రెండు చోట్ల ఆగిపోయాను. మొదటిది స్లాటు. నా గ్రాఫిక్స్ కార్డు లావు, పక్కనున్న చిన్న స్లాట్‌ని పూర్తిగా కప్పేసింది. అదృష్టం కొద్దీ అడుగున ఇంకోటి ఉంది. రెండోది బ్లూటూత్. కార్డు పెట్టి స్క్రూ బిగించి ఆన్ చేస్తే వైఫై వచ్చింది కానీ బ్లూటూత్ లేదు. కార్డు పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. పెట్టె అడుగున సన్నటి వైరు ఒకటి మిగిలి ఉంది. ఈ కార్డుల్లో వైఫై స్లాట్ గుండా పోతుంది, బ్లూటూత్ మాత్రం యూఎస్‌బీ గుండా పోతుంది. ఆ వైరుని మదర్‌బోర్డు అడుగు అంచున ఉండే 9 పిన్నుల యూఎస్‌బీ 2.0 హెడర్‌కి, అంటే పొడుచుకొచ్చిన పిన్నుల వరుసకి గుచ్చాలి. తమ్ముడు టార్చి పట్టుకుంటే, పిన్ను లేని మూల ఎటు ఉందో చూసుకుని నెమ్మదిగా దింపాను. చాలా బోర్డులకి అలాంటి హెడర్లు రెండే ఉంటాయి. ముందు పోర్టులకి ఒకటి, లైట్లకో కూలర్‌కో ఇంకొకటి అప్పటికే పోయి ఉంటే దీనికి చోటు ఉండదు. కొనేముందే లెక్కపెట్టుకోవాలి.

ఇంకో ఉచ్చు ఉంది. తమ్ముడి స్నేహితుడు చౌకగా వస్తోందని ఏఎక్స్211 అనే చిన్న మాడ్యూల్ కొన్నాడు. పేరులో ఒక్క అంకె తేడా. అది సీఎన్‌వీఐ రకం, అంటే పనిలో సగం ఇంటెల్ ప్రాసెసర్, చిప్‌సెట్ వైపే ఉంటుంది. వాళ్ళది ఇంకో కంపెనీ అయిన ఏఎండీ ప్రాసెసర్ల బోర్డు. అది దాంట్లో ఎప్పటికీ పలకదు. 201, 211 చివర ఒకటి చూస్తే ఆగి ఆలోచించండి. 200, 210 అయితే రెండు రకాల బోర్డుల్లోనూ నడుస్తాయి.

ఇంకా కొత్త తరమైన వైఫై 7 కార్డు ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. మా రూటర్ వైఫై 5 ది, ఇంటర్నెట్ వాళ్ళు ఇచ్చినది. రూటర్ మారకుండా కార్డు ఒక్కటే పైకి వెళ్ళి చేసేదేమీ లేదు. నేను కొన్నదాంట్లో 6 గిగాహెర్ట్జ్ కూడా ఉంది, కానీ దాని కోసం కొనలేదు. మన దేశంలో ఆ బ్యాండ్‌లో కింది భాగాన్ని లైసెన్సు లేకుండా ఇళ్ళల్లో వాడుకోనిచ్చే ముసాయిదా నిబంధనలే 2025 మే నెల దాకా రాలేదు. నిలకడ కావలసినవాళ్ళు ఒక తరం వెనక ఉన్న చిప్ తీసుకోవడమే మంచిదని నాకు అనిపిస్తోంది. దాని డ్రైవర్లలో లోపాలు అప్పటికే మనకన్నా ముందు కొన్నవాళ్ళు పడి, చెప్పి, సరిచేయించుకుని ఉంటారు.

మా ఆయన అడిగిన ప్రశ్న

"ఇదంతా ఎందుకు, హాల్లోంచి ఒక వైరు లాగితే పోలా?" అన్నారు మా ఆయన. ఈ ప్రశ్నకి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆయన చెప్పింది నిజం. ఏ వైఫై కార్డూ లాన్ వైరుకి సాటి రాదు. సొంత ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ప్రతి గదికీ ఒక క్యాట్6 వైరు గోడలోనే వేయించుకోండి, ఈ వ్యాసంలో మిగతాదేదీ మీకు అవసరం లేదు.

మాది అద్దె ఇల్లు. గోడకి మేకు కొట్టినా ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోస్తానని ఓనర్ ముందే చెప్పారు. అయినా ప్రయత్నించాం. పలచటి వైరు ఇరవై మీటర్లది తెచ్చి గోడ అంచు వెంట హాల్లోంచి గదిలోకి పరిచాం. రెండు రోజులు నెట్ దివ్యంగా ఉంది. మూడో రోజు తెల్లవారుజామున నీళ్ళ మోటారు వేయడానికి లేచిన మా అత్తయ్య కాలికి తగులుకుని తూలారు. గుమ్మం పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ పొద్దున్నే వైరు చుట్టి అటక మీద పెట్టేశాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. డాంగులే దారి అయిన సిస్టమ్‌లు ఉన్నాయి. చిన్న ఐటీఎక్స్ బోర్డుల్లో ఉన్న ఒక్క స్లాటూ గ్రాఫిక్స్ కార్డుకే పోతుంది. ఆఫీసు వాళ్ళు ఇచ్చిన డెస్క్‌టాప్‌ని విప్పనివ్వరు. కొందరికి క్యాబినెట్ తెరవడం అంటేనే భయం, అది తప్పేమీ కాదు. వాళ్ళు నానో వదిలేసి, పెద్దగా, యాంటెన్నా బయటికి ఉండి, వైరు స్టాండుతో వచ్చే డాంగుల్ తీసుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. ఇంకా సిస్టమ్ కట్టనివాళ్ళకైతే నా సలహా వేరు. వైఫై ఉన్న మదర్‌బోర్డుకీ లేనిదానికీ ధరలో ఒకటి రెండు వేల తేడా కనిపిస్తుంది. నేను ఆ తేడా మిగుల్చుకున్నాననుకున్నాను. 650, ఆ తర్వాత 2,700, మెట్రో తిరుగుళ్ళు, ఒక ఇంటర్వ్యూ కలిపితే మిగిలింది ఏమీ లేదు.

గురువారం పదకొండున్నరకి తమ్ముడు మళ్ళీ కూర్చున్నాడు. నేను హార్డ్ డిస్క్ వైరు పీకేసి, హాల్లో ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వేరే మీటింగులో ఉన్నాను. చెవి మాత్రం ఆ గది తలుపు మీదే. యాభై నిమిషాలు తలుపు తెరుచుకోలేదు. వాడు బయటికి వచ్చాక గదిలోకి వెళ్ళి, వెనకాల నడుస్తూ వదిలిన పింగ్ కిటికీ చూశాను. పైనుంచి కిందిదాకా 2, 3, 2, 4. ఒకచోట 31.

ఆ ఉద్యోగం రాలేదు. నెల తర్వాత ఇంకోచోట వచ్చింది, హైదరాబాద్‌లో. ఇప్పుడు రూమ్‌లో తను కూడా ఒక సిస్టమ్ కట్టుకుంటున్నాడు. నిన్న రాత్రి "అక్కా, నా బోర్డుకి ఏ కార్డు తీసుకోను?" అని మెసేజ్ పెట్టాడు. ముందు బోర్డు అడుగు భాగం ఫొటో తీసి పంపమన్నాను, స్లాటూ ఆ 9 పిన్నుల హెడరూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడాలి.